గుంతకల్లు చుట్టుపక్కల క్లిప్పుల డాక్టరుకు పని దొరుకుతుందా?

ప్రశ్న: మాది ఉరవకొండ దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. బీడీఎస్ (దంత వైద్య డిగ్రీ) అయ్యాక, పళ్ల వరుస సరిచేసే ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ (పీజీ) చేస్తున్నాను, ఇది చివరి సంవత్సరం. చదువు కోసం బ్యాంకులో తీసుకున్న అప్పు ఉంది. నా తోటివాళ్లందరూ హైదరాబాదు, బెంగళూరు వెళ్లాలనుకుంటున్నారు. నాకు మాత్రం మా ప్రాంతంలోనే, గుంతకల్లులోనో ఉరవకొండలోనో పనిచేయాలని ఉంది. పల్లె జనం పళ్ల వరుస కోసం డబ్బు ఖర్చు పెడతారా? ప్రభుత్వ ఉద్యోగానికి అవకాశం ఉందా? ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, పెళ్లయ్యాక ఏ ఊళ్లో ఉంటానో తెలియదు. ఇలాంటప్పుడు సొంత క్లినిక్ పెట్టవచ్చా?
— ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

సమాధానం:

అమ్మా, ముందు సూటిగా జవాబు చెప్పి, తర్వాత వివరాల్లోకి వెళ్తాను. నెల జీతం వచ్చే ఉద్యోగం కోసమే చూస్తే, మన అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల పల్లె ప్రాంతాల్లో ఆర్థోడాంటిస్టుకు చోటు దాదాపు లేదనే అనుకోండి. సొంత వృత్తిగా చూస్తే పని ఉంది. అయితే ఆ పని ఏ ఒక్క ఊళ్లోనూ మీ నెల నిండేంత ఉండదు. బస్సులోనో రైల్లోనో గంట, గంటన్నరలో చేరుకోగలిగిన నాలుగైదు ఊళ్లలో కొంచెం కొంచెంగా ఉంటుంది. అందుకని ఉరవకొండా, గుంతకల్లా అని ఎంచుకునే ముందు, ఈరోజు అతికించిన క్లిప్పులను రెండేళ్ల తర్వాత మీ చేత్తోనే తీయగలిగే ఏర్పాటు మీకు ఎక్కడ కుదురుతుందో చూసుకోవాలి. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ప్రభుత్వ ఉద్యోగం సంగతి త్వరగా చెప్పేస్తాను. సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో, ఏరియా ఆసుపత్రుల్లో ఉండే దంత వైద్యుల పోస్టులకు కావలసిన చదువు బీడీఎస్. మీ ఎండీఎస్ వాటికి అడ్డం కాదు గానీ, చేరిన తర్వాత మీ రోజంతా పిప్పి పళ్లు తీయడంలో, సిమెంటు పెట్టడంలో, చిగుళ్లు శుభ్రం చేయడంలో గడుస్తుంది. అది చిన్న పనేమీ కాదు. పల్లె జనానికి దంత వైద్యుడితో మొదట పడే అవసరం అదే. కానీ మూడేళ్లు మీరు నేర్చుకున్న విద్యకు అక్కడ చోటు ఉండదు, క్లిప్పులకు కావలసిన సామగ్రీ అక్కడి సరఫరాలో ఉండదు. ప్రకటన వస్తే తప్పకుండా దరఖాస్తు చేయండి, ఎందుకంటే అప్పు ఉన్న మనిషికి ప్రతినెలా వచ్చే జీతం పెద్ద ఊరట. దానికోసం ఎదురుచూస్తూ ఏళ్లు మాత్రం గడపకండి.

ఎండీఎస్‌కు తగిన జీతపు కొలువు దొరికేది కళాశాలల్లోనే. కడపలో ప్రభుత్వ దంత కళాశాల ఉంది, కర్నూలులో జి. పుల్లారెడ్డి దంత కళాశాల ఉంది, గుంతకల్లుకు దగ్గరగా బళ్లారిలో కర్ణాటక ప్రభుత్వ దంత కళాశాల ఉంది. మొదటి రెండు మూడేళ్లు ఇలాంటి చోట బోధనలో చేరి, సెలవు రోజుల్లో మాత్రమే చిన్న పట్టణాలకు కన్సల్టెంటుగా వెళ్లడం మీ పరిస్థితికి బాగా సరిపోతుందని నా అభిప్రాయం. ప్రైవేటు కళాశాలల్లో సీనియర్ లెక్చరర్ జీతం గొప్పగా ఉండదు, నిజమే. అయినా బ్యాంకు వాయిదా దాటిపోకుండా ఉంటుంది. అంతకన్నా ముఖ్యంగా, కష్టమైన కేసు చేతికి వచ్చినప్పుడు పక్క గదిలో అడగడానికి ఒక ప్రొఫెసరు ఉంటారు. కొత్తగా చదువు ముగించిన డాక్టరు చిన్న ఊళ్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు బాగా కొరవడేది ఈ తోడే.

ఇక పల్లె జనం పళ్ల వరుస కోసం ఖర్చు పెడతారా అన్నది. పెడతారు. గుంతకల్లు రైల్వే డివిజను కేంద్రం కాబట్టి అక్కడ నెల జీతం మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆదోనిలో పత్తి, బట్టల వ్యాపారం ఉంది. 2011 జనగణన నాటికే ఈ రెండూ లక్ష జనాభా దాటిన పట్టణాలు. ఇక్కడి ఉద్యోగుల, ఉపాధ్యాయుల, దుకాణదారుల పిల్లలే మీకు మొదట వస్తారు. చుట్టుపక్కల రైతు కుటుంబాల నుంచి కూడా వస్తారు గానీ, వాళ్లు వచ్చే వయసు వేరుగా ఉంటుంది. ఎత్తుపళ్లున్న ఆడపిల్లను పదేళ్లప్పుడు ఎవరూ తీసుకురారు. ఇరవై దాటి సంబంధాలు మొదలయ్యాక తీసుకొచ్చి, ఆరు నెలల్లో సరిచేసి పంపమంటారు. అప్పటికి దవడ ఎదుగుదల ఆగిపోయి ఉంటుంది. పదీ పన్నెండేళ్ల మధ్య ఆడపిల్లకు, పన్నెండూ పధ్నాలుగేళ్ల మధ్య మగపిల్లవాడికి ట్విన్ బ్లాక్ వంటి పరికరంతో కింది దవడను ముందుకు తెచ్చే వీలున్న చోట, ఇరవై ఏళ్ల అమ్మాయికి బాగున్న పళ్లే కొన్ని తీసి ఖాళీ చేసుకోవడమో, దవడ ఎముకకు శస్త్రచికిత్స చేయించడమో తప్ప దారి ఉండదు. పైపళ్లు పీకితే చూపు తగ్గుతుందన్న భయం మన ఊళ్లలో ఇప్పటికీ గట్టిగా ఉంది. పంటి నరం వేరు, చూపు నరం వేరు అని ప్రతి తల్లికీ ఓపికగా చెప్పవలసి వస్తుంది. ఆరు నెలల్లో చేస్తానని ఒప్పుకుని ఆ పెళ్లి తేదీ మీద మీ పేరు పెట్టకండి. ఎంత కాలం పడుతుందో, ఈలోగా ఏ మేరకు తేడా కనిపిస్తుందో మొదటి రోజే కాగితం మీద రాసివ్వండి, వెళ్లిపోతే వెళ్లిపోనివ్వండి.

వయసు విషయంలో మరో సంగతి మీరు పుట్టి పెరిగిన ప్రాంతం కాబట్టి మీకే బాగా తెలిసి ఉండాలి. మన వైపు చదివే పిల్లలు పదో తరగతి కాగానే ఇంటర్మీడియట్‌కు కర్నూలు, తిరుపతి, విజయవాడల్లోని హాస్టలు కళాశాలలకు వెళ్లిపోతారు. అక్కడి నుంచి నెలకోసారి క్లిప్పులు చూపించుకోవడానికి రావడం జరిగే పని కాదు. తొమ్మిదో తరగతి మధ్యలో మొదలుపెట్టిన కేసు సగంలో ఆగిపోతుందని ముందే లెక్క వేసుకోవాలి. ఆరు, ఏడు తరగతుల్లో మొదలుపెడితే పదో తరగతి పరీక్షల నాటికి క్లిప్పులు తీసి, సరిచేసిన పళ్లు మళ్లీ కదలకుండా పెట్టుకునే రిటైనరు చేతికిచ్చి పంపవచ్చు. దవడ ఎదిగే వయసూ చాలామందిలో అదే. అందువల్ల బడుల్లో దంత పరీక్ష శిబిరాలు పెడితే ఉన్నత పాఠశాల చివరి తరగతుల మీద కాక, ఐదు, ఆరు, ఏడు తరగతుల మీద సమయం పెట్టండి. ఆ పిల్లల తల్లిదండ్రులను కూడా అదే రోజు పిలిపించండి.

డబ్బు లెక్క చూద్దాం. అంకెలు నేను ఉదాహరణకు వేసుకున్నవి. మీ ఊరి ధరలు విచారించి మార్చుకోండి. మామూలు లోహపు క్లిప్పులకు 30,000 రూపాయలు, మొదట 8,000, తర్వాత నెలకు 1,000 చొప్పున 22 నెలలు అనుకుందాం. బ్రాకెట్లు (పంటికి అతికించే చిన్న బిళ్లలు), తీగలు, ల్యాబు, రిటైనరు అన్నీ కలిపి 6,000 పోతే 24,000 మిగులుతుంది. చికిత్స 24 నెలలు నడిస్తే ఒక్కో పేషెంటు మీద నెలకు సగటున 1,000 వచ్చినట్టు. సొంత క్లినిక్‌కు అద్దె, సహాయకురాలి జీతం, కరెంటు, పరికరాల శుద్ధి కలిపి నెలకు 35,000 అయితే, చికిత్సలో ఉన్నవారు 60 మంది ఉన్నప్పుడు మీకు మిగిలేది 25,000. 100 మంది ఉన్నప్పుడు 65,000. రెండేళ్ల చికిత్స కాబట్టి 100 మంది ఎప్పుడూ ఉండాలంటే ఏడాదికి 50 మంది కొత్తవాళ్లు, అంటే దాదాపు వారానికొకరు చేరాలి. అలా చేరినా ఆ స్థాయికి వెళ్లడానికి రెండేళ్లు పడుతుంది. పేరు తెలియని కొత్త డాక్టరు దగ్గరికి ఒక్క గుంతకల్లులోనే మొదటి నెల నుంచీ వారానికొకరు వస్తారని నేను చెప్పలేను.

ఇదే లెక్కను కాలం వైపు నుంచి చూస్తే మరో విషయం తెలుస్తుంది. ఒక్కో పేషెంటుకు నెలకు 20 నిమిషాల చొప్పున 100 మందికి దాదాపు 33 గంటలు చాలు. రోజుకు ఆరు గంటల చొప్పున అది ఐదారు రోజుల పని. మిగతా ఇరవై రోజులూ కుర్చీ ఖాళీగా ఉంటుంది, అద్దె మాత్రం ముప్పై రోజులకూ పడుతుంది. మీ వృత్తి స్వభావమే ఇలాంటిది కాబట్టి, చిన్న పట్టణాల్లో ఆర్థోడాంటిస్టులు ఒకచోట కూర్చోకుండా బీడీఎస్ డాక్టర్ల క్లినిక్కులకు నెలకు ఒకటి రెండు రోజులు వెళ్లివచ్చే పద్ధతి ఏర్పడింది. ఒక క్లినిక్‌లో 30 మంది ఉంటే పది గంటల పని, అంటే రెండు రోజులు. ఇలాంటి క్లినిక్కులు గుంతకల్లు, ఆదోని, గుత్తి, ఉరవకొండల్లో ఒక్కొక్కటి ఉంటే నెలకు ఎనిమిది రోజుల్లో 120 మందిని చూడవచ్చు. సామగ్రి ఖర్చు తీసిన తర్వాత మిగిలిన 24,000 చెరి సగం చేసుకుంటే మీ వంతు 12,000, నెలకు 500. 120 మంది మీద 60,000 వస్తుంది, ఇందులో పోయేది ప్రయాణపు ఖర్చే. సొంత క్లినిక్‌లో 100 మందితో మిగిలినంత దాదాపుగా ఇక్కడా మిగులుతుంది, అప్పు చేసి కుర్చీ కొనవలసిన పని లేకుండానే. ఒప్పందం చేసుకునేటప్పుడు ఒక్కటి గట్టిగా పట్టుకోండి: సామగ్రి ఖర్చు ముందు తీసి తర్వాత పంచుకోవాలి. మొత్తం 30,000లో సగం ఇచ్చి సామగ్రి మిమ్మల్నే భరించమంటే మీకు మిగిలేది 9,000. ఒక్కో కేసుకు 3,000 తేడా.

ఈ అంకెల్లో కనబడని ప్రమాదం ఒకటి ఉంది, దాన్ని మీరు అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాలి. మొదటి ఏడాది 50 మంది చేరితే వాళ్లు కట్టే అడ్వాన్సులే 4 లక్షలు. చేతికి వచ్చిన ఆ డబ్బు ఆదాయంలా కనిపిస్తుంది. కానీ అదే 50 మంది చికిత్స ముగిసేలోగా సామగ్రికి 3 లక్షలు కావాలి, ఇంకా రెండేళ్ల శ్రమ బాకీ ఉంటుంది. విత్తనానికి దాచిన కాయలు అమ్ముకుని తిన్నట్టు అడ్వాన్సు డబ్బును ఇంటి ఖర్చుకో, ఎక్స్‌రే యంత్రం వాయిదాకో వాడితే, రెండో ఏడు కొత్తవాళ్లు తగ్గిన మరుక్షణం పాతవాళ్లకు తీగ మార్చడం కూడా భారమైపోతుంది. చిన్న పట్టణాల్లో సగంలో ఆగిపోయిన క్లిప్పులు కనబడటానికి డాక్టరు చెడ్డతనం కన్నా ఈ లెక్క తప్పడమే ఎక్కువగా కారణమని నేను నమ్ముతాను. పేషెంట్ల అడ్వాన్సులకు వేరే బ్యాంకు ఖాతా తెరవండి. ఏ నెలకు ఎంత పని జరిగిందో అంతే అందులోంచి తీసుకోండి.

క్లిప్పులు నోట్లో ఉండిపోయి డాక్టరు రాకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. బ్రాకెట్ల చుట్టూ పన్ను తెల్లగా మారి పుచ్చుతుంది, అక్కరలేని దిక్కుకు పళ్లు కదులుతాయి, ఊడిన తీగ చెంపలో గుచ్చుకుంటుంది. అందుకని మీరు వెళ్లే ప్రతి క్లినిక్‌తోనూ నోటి మాట కాకుండా రాతపూర్వకంగా ఒప్పందం రాసుకోండి. మీరు రాని రోజుల్లో బ్రాకెట్ ఊడితే, తీగ గుచ్చుకుంటే అక్కడి బీడీఎస్ డాక్టరు ఏం చేయాలో ముందే నేర్పండి. గుచ్చుకునే కొన కత్తిరించడం, మైనం పెట్టడం వాళ్లు చేయగలరు. ప్రతి పేషెంటు ఓపీజీ, లేటరల్ సెఫలోగ్రామ్ అనే దవడ, తల ఎక్స్‌రేలు, ఫొటోలు, అచ్చులు, చికిత్స ప్రణాళిక ఒక ప్రతి క్లినిక్‌లో, ఒకటి మీ దగ్గర ఉండాలి. మీరు మానేయవలసి వస్తే ఎన్ని నెలల ముందు చెప్పాలో, మిగిలిన డబ్బు ఎలా లెక్క కట్టాలో అందులో రాయించండి. ఇదంతా తన మీద నమ్మకం లేక అడుగుతున్నారని క్లినిక్ యజమాని అనుకుంటే, పేషెంటు కోసం అడుగుతున్నానని చెప్పండి. అయినా రాయనంటే ఆ క్లినిక్ వద్దు.

మన ప్రాంతపు జీవితానికి తగినట్టు మీ పద్ధతులు కొన్ని మార్చుకోవలసి ఉంటుంది. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల నుంచి సంక్రాంతికి ముందూ వెనుకా ఎన్నో కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు, బెంగళూరుకు కూలి పనులకు వలస (సుగ్గికి) పోతాయి, పిల్లలను వెంటబెట్టుకునే పోతాయి. అలాంటి కుటుంబపు పిల్లవాడికి క్లిప్పులు వేయకూడదని నేను అనను. వెళ్లే ముందు నెలలోనే ఆ సంగతి అడిగి తెలుసుకుని, సాగదీసే చైనులు, స్ప్రింగులు తీసేసి, కదలిక లేని స్టీలు తీగ కట్టి పంపితే మూడు నాలుగు నెలలు పళ్లు ఉన్నచోటే నిలుస్తాయి. చికిత్స కొంచెం పొడుగవుతుంది, అంతే. డబ్బు వాయిదాలు కూడా నెలజీతగాళ్లకు పెట్టినట్టు రైతుకు పెడితే కుదరదు. చెనక్కాయలు అమ్ముడుపోయాక ఒకసారి, రెండో పంట చేతికొచ్చాక ఒకసారి కట్టనివ్వండి. మన దగ్గర అప్పు ఉన్నవాళ్లు మొహం చెల్లక రావడం మానేస్తారు. డబ్బు ఉన్నా లేకున్నా తేదీకి రావాలని మొదటి రోజే తల్లిదండ్రులకు చెప్పి, కట్టని వాయిదా గురించి కుర్చీలో ఉన్న పిల్లల ముందు ఎప్పుడూ మాట్లాడకండి.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేకుండా పోయింది. ఇది మీ వృత్తికి పెద్ద సాయం. ఒక పల్లె నుంచి తల్లీ కూతురూ రెండేళ్ల పాటు నెలనెలా పట్టణానికి వచ్చిపోయే చార్జీ అంతకుముందు చికిత్స ఖర్చుకు తోడయ్యేది. ఇప్పుడు కూలి పోయిన రోజు ఒక్కటే వాళ్లకు నష్టం. కాబట్టి మీరు చూసే రోజును సంత రోజుతోనో ఆదివారంతోనో కలిసేలా పెట్టుకోండి, చెప్పిన సమయానికి పని ముగించి సాయంత్రం బస్సు అందేలా పంపండి.

మీ కళాశాల పాఠాల్లో అంతగా రాకపోయి, ఇక్కడ రోజూ ఎదురయ్యేది ఫ్లోరైడు. భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీటి దారి లేనిచోట 1.5 వరకు ఒప్పుకుంటారు. అనంతపురం జిల్లాలో ఎన్నో పల్లెల బోరు నీళ్లు ఈ హద్దు దాటి ఉన్నాయి. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చాక వందల గ్రామాలకు మంచినీళ్లు అందినా, బోరు నీళ్లు తాగి పెరిగిన పిల్లలు మీ కుర్చీలోకి ఇప్పటికీ వస్తారు. బ్రాకెట్ అతికించే ముందు పంటి మీద ఆమ్లం పెట్టి గరుకు చేస్తాం కదా, ఫ్లోరైడు పట్టిన పంటి పైపొర ఆ ఆమ్లానికి సులభంగా లొంగదు. 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం మామూలుగా పెట్టే 15 నుంచి 30 సెకన్లు పెడితే చాలినన్ని సూక్ష్మరంధ్రాలు పడవు, బ్రాకెట్ పట్టు దొరకదు, వారం తిరక్కుండానే ఊడివస్తుంది. ఆమ్లం ఎక్కువసేపు ఉంచడమో, పైపొరను సన్నగా అరగదీయడమో, పట్టు పెంచే ప్రైమరు వాడడమో చేయవలసి వస్తుంది; చివర్లో బ్రాకెట్ తీసేటప్పుడు ఎనామిల్ పెచ్చు లేవకుండా చూసుకోవాలి. ఊడిన ప్రతి బ్రాకెట్‌కూ ఒక ప్రయాణం, ఒక రోజు కూలి నష్టం కాబట్టి, పట్నంలోని డాక్టరుకు చిన్న చికాకుగా ఉండే ఈ విషయం మీ దగ్గర చికిత్స నిలుస్తుందా లేదా అన్నదాన్ని తేల్చేస్తుంది. ఇప్పుడు కళాశాలలో ఉండగానే ఇలాంటి పళ్ల మీద చేయి తిప్పుకోండి. ఇంకొకటి: క్లిప్పులు వేస్తే ఫ్లోరైడు వల్ల పంటి మీద పడ్డ గోధుమరంగు మచ్చలు పోతాయని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. వరుస మారుతుంది గానీ రంగు మారదని ముందే చెప్పకపోతే, చక్కగా ముగిసిన కేసులో కూడా వాళ్లకు మోసపోయామనిపిస్తుంది.

వేపపుల్లతోనో పళ్లపొడితోనో తోముకునే ఇళ్లలో క్లిప్పులున్న పిల్లలకు బ్రష్షు వాడటం నేర్పడం మీ పనిలో భాగమే. వేయించిన చెనక్కాయలు, వేరుశనగ ఉండలు, చెరకు ముక్కలు రెండేళ్లు మానుకోవాలని అనంతపురం పిల్లలకు చెప్పడం నాకూ కష్టంగానే ఉంటుంది, అయినా చెప్పాలి.

గ్రహణం మొర్రితో, అంగిలి చీలికతో పుట్టిన పిల్లల గురించి మీరు అడగలేదు, కానీ ఆర్థోడాంటిస్టు జిల్లాలోనే ఉండడం వల్ల ఎక్కువ మేలు జరిగేది వాళ్లకే. శస్త్రచికిత్సలకు ఇప్పుడు దారులు ఉన్నాయి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో అవి ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుక నుంచి 18 ఏళ్ల వరకు పిల్లల్లో గుర్తించవలసిన లోపాల జాబితాలోనూ గ్రహణం మొర్రి ఉంది. కానీ పెదవీ అంగిలీ కుట్టడంతో పని అయిపోదు. ఎనిమిది, పదేళ్ల వయసులో పై దవడను వెడల్పు చేసి, చిగుళ్ల ఎముక చీలికలో ఎముక అతికించడానికి చోటు సిద్ధం చేయాలి. ఆ తర్వాత కోరపన్ను ఆ ఎముకలోంచి దిగివచ్చేలా చూడాలి. కుట్లు పడ్డాక దూరపు ఆసుపత్రికి మళ్లీ వెళ్లలేక ఈ దశ తప్పిపోయే పిల్లలు మన పల్లెల్లో ఉన్నారు. జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి వెళ్లి, ఇలాంటి పిల్లలను చూస్తానని మీ పేరు, ఫోన్ నంబరు ఇవ్వండి. డబ్బు పెద్దగా రాదు, కొన్నిటికి అసలే రాదు. అయినా ఈ పని చేయమని మిమ్మల్ని కోరుతున్నాను.

చిన్న ఊళ్లలో మీకు త్వరలోనే ఎదురయ్యే మరో విషయం కమీషను. పేషెంటును పంపినందుకు ఇంత శాతం ఇవ్వమని ఊరి ఆర్‌ఎంపీలు, కొందరు డాక్టర్లు కూడా అడుగుతారు. డెంటల్ కౌన్సిల్ 2014 నాటి వృత్తి నీతి నిబంధనలు దీన్ని స్పష్టంగా నిషేధించాయి. నిబంధన మాట అటుంచినా, ఆ శాతం చివరికి రైతు జేబులోంచే పోవాలి. మొదటిసారే మర్యాదగా కాదని చెప్పేయండి. మొదటి ఏడాది పేషెంట్లు కొంచెం తగ్గినా, చక్కబడిన పళ్లతో ఊళ్లో తిరిగే పిల్లల వల్ల తర్వాత వచ్చేవాళ్లు ఎవరి సిఫారసూ లేకుండానే వస్తారు. అలాగే పారదర్శక అలైనర్ల (తీగలకు బదులు పళ్లకు పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగుల) కంపెనీల ప్రతినిధులు మీ దగ్గరికి వస్తారు. వాటి ధర మన ప్రాంతంలో కొద్దిమందికే అందుతుంది, వాటి మీద ఆశలు పెట్టుకుని స్కానరు కొనకండి.

పెళ్లి సంగతికి వస్తాను, ఎందుకంటే మీ నిర్ణయం నిజంగా ఆగి ఉన్నది అక్కడే అనిపిస్తోంది. పెళ్లయ్యాక ఎక్కడుంటారో తేలేవరకు సొంత క్లినిక్ పెట్టకండి. ఆడపిల్లవు కాబట్టి వద్దని ఈ మాట అనడం లేదు. ఏడాదిలో ఊరు మారే అవకాశం ఉన్న మగ ఆర్థోడాంటిస్టుకైనా ఇదే చెబుతాను. ఈలోగా కన్సల్టెంటుగా పని మొదలుపెట్టవచ్చు, ఒక షరతు మీద: కర్నూలులోనో బళ్లారిలోనో అనంతపురంలోనో ఉన్న మరో ఆర్థోడాంటిస్టుతో, నేను ఆగిపోతే మీరు అందుకోండి, మీరు ఆగిపోతే నేను అందుకుంటాను అని ముందే మాట్లాడుకుని, ఇద్దరూ ఒకే రకం బ్రాకెట్లు, ఒకే రకం రికార్డులు వాడండి. సంబంధం మాట్లాడేటప్పుడు మీ పని ఎలాంటిదో అవతలివాళ్లకు మీరే చెప్పండి. నెలలో ఎనిమిది పది రోజులు వేరే ఊళ్లకు వెళ్లివస్తాను, ఒప్పుకున్న పేషెంట్లకు రెండేళ్లు జవాబుదారీగా ఉండాలి అని అమ్మానాన్నల ఎదుట సూటిగా చెబితే, ఒప్పుకునే ఇల్లేదో ఒప్పుకోని ఇల్లేదో అప్పుడే తేలిపోతుంది. మీ నాన్నగారికి ఇది ఇబ్బందిగా అనిపించవచ్చు. మీ చదువు కోసం అప్పు చేసిన మనిషి కాబట్టి, వివరంగా చెబితే ఆయన అర్థం చేసుకుంటారనే నా నమ్మకం.

ఊరు విషయంలో నా ఓటు గుంతకల్లుకు. ఆదోని, గుత్తి, ఉరవకొండ, బళ్లారి అన్నీ అక్కడి నుంచి దగ్గర, రైలు ఉంది, జీతగాళ్ల కుటుంబాలు ఉన్నాయి. ఉరవకొండ మీ సొంత ఊరి పక్కదే అయినా, నెలకు ఒకటి రెండు రోజులు వెళ్లే చోటుగానే దాన్ని ఉంచుకోండి. స్థిరపడ్డాక గుంతకల్లులో సొంత క్లినిక్ పెట్టినప్పుడు, మొదటి రెండు మూడేళ్లు రూట్ కెనాల్, పళ్లు తీయడం వంటి సాధారణ చికిత్సలు కూడా చేయడానికి సిద్ధపడండి. కొందరు ఎండీఎస్‌లు దాన్ని తక్కువగా చూస్తారు. తల్లి పంటి నొప్పి తగ్గించిన డాక్టరు దగ్గరికే కూతురి క్లిప్పులకు వస్తారన్నది ఊళ్లలో పనిచేసే ఎవరినడిగినా చెబుతారు. క్లినిక్ పెట్టే ముందు 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో నమోదు, 2016 నిబంధనల ప్రకారం వైద్య వ్యర్థాలు తీసుకెళ్లే ఏర్పాటు, ఎక్స్‌రే పెడితే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. సెఫలోగ్రామ్ యంత్రం వెంటనే కొనవద్దు. పేషెంటును ఒకసారి అనంతపురమో కర్నూలో పంపితే సరిపోతుంది. పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవు మాత్రం మంచిది కొనండి.

పరీక్షలు అయ్యాక వచ్చే సెలవుల్లో గుంతకల్లు, ఆదోనిల్లోని బీడీఎస్ డాక్టర్లను కలవండి. క్లిప్పుల కోసం వచ్చినవాళ్లను ఇప్పుడు ఎవరి దగ్గరికి పంపుతున్నారో, నెలకు ఎందరిని పంపుతున్నారో, వాళ్లలో ఎందరు చికిత్స ముగించుకున్నారో అడిగి రాసుకోండి. నెలనెలా ఒక ఆర్థోడాంటిస్టు సక్రమంగా వస్తున్న క్లినిక్ అయితే దాన్ని వదిలేసి వేరేది చూడండి. వచ్చి మానేసిన క్లినిక్ అయితే, సగంలో ఆగిన పేషెంట్లు ఎందరున్నారో, వాళ్లను ముగించడానికి ఎవరు ఎంత భరిస్తారో తేలిన తర్వాతే ఒప్పుకోండి. ఎండీఎస్ ఫలితం రాగానే ఆ అదనపు అర్హతను రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో నమోదు చేయించుకోండి. ఆ నమోదు చేతికి వచ్చేవరకు ఏ క్లినిక్ బోర్డు మీదా ఆర్థోడాంటిస్ట్ అని మీ పేరు రాయనివ్వకండి.